పాత బాణీ, కొత్త మాట: బాఖ్, సుద్దాల హనుమంతు

తెలంగాణ పోరాట కవి సుద్దాల హనుమంతు పాటల్ని మెచ్చుకునేవాళ్లు కూడా ఒక్కోసారి గొంతు తగ్గించి ఒక మాట అంటారు. బాణీలు ఆయనవి కావట, జనంలో ఉన్నవేనట, మాటలు మార్చాడంతేనట. ఆ ‘అంతే’ నాకు మింగుడుపడదు. అదే కొలబద్దతో కొలిస్తే జర్మనీ దేశపు స్వరకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ కూడా చిన్నబోవాలి. యూరప్ సంగీతంలో బరోక్ యుగాన్ని 1600 నుంచి లెక్కపెట్టి, బాఖ్ కన్నుమూసిన 1750తో ముగిస్తారు. అంతటివాడు యేసు పుట్టుకను పాటలుగా చెప్పే తన ‘క్రిస్మస్ ఒరటోరియో’లో పెద్ద పెద్ద పాటల్ని తన పాత బాణీల మీదే నిలబెట్టాడు.

1733 సెప్టెంబరు 5న లైప్జిగ్‌లో ఒక కాఫీ హోటలు తోటలో శాక్సనీ యువరాజు పుట్టినరోజుకు ఆయన ఒక కాంటాటా వినిపించాడు. గాయకులూ వాద్యకారులూ కలిసి కొన్ని ఖండాలుగా నడిపే రచనను కాంటాటా అంటారు. ఇందులో సుఖలాలస అనే పాత్ర వీరుడు హెర్క్యులీజ్‌ను దారి తప్పించడానికి జోల పాడుతుంది. మరుసటి ఏడాది డిసెంబరు 26న అదే జోల ఒరటోరియోలో భాగంగా చర్చిలో వినపడింది. ఈసారి పశువుల తొట్టిలో పడుకున్న బాలయేసు కోసం. బాఖ్ శ్రుతి దించి, పై స్థాయి గొంతు పాడినదాన్ని కింది స్థాయి గొంతుకిచ్చాడు. మత్తులోకి లాగిన బాణీ లాలనగా మారింది. ఒక ఖండానికి ఒకే భావం ఉండాలని, దాన్ని శ్రోత మనసులో రేపాలని బరోక్ కాలపు శాస్త్రకారులు చెప్పారు. మన రససిద్ధాంతం తెలిసినవాళ్లకు ఇది కొత్తగా తోచదు. రెండు పాటల్లోనూ నిద్రే భావం, నిద్రపోయేవాడు మాత్రం మారాడు.

అయితే బాఖ్ ఆ నియమానికి కట్టుబడి ఊరుకోలేదు. అదే కాంటాటాలో హెర్క్యులీజ్ ‘నీ మాట విననుపో’ అని సుఖలాలసను తోసేసే పాట ఉంది. ఆ బాణీనే తెచ్చి, రాబోయే ప్రభువును ప్రేమగా ఆహ్వానించమని చెప్పే పాటకు తొడిగాడు. తిరస్కారం స్వాగతమైంది. మరోచోట అతుకు కనపడుతుంది కూడా. ఒరటోరియో మొదట్లోనే నగారా ఒంటరిగా మోగుతుంది. ఎందుకు? 1733 డిసెంబరులో రాణి పుట్టినరోజుకు కట్టిన మూలంలో, నగారాలను మోగమని పాట అడుగుతుంది. కొత్త మాటల్లో ఆ ఊసు లేదు, దెబ్బలు మాత్రం మిగిలాయి. అయినా ఆ ఆరంభం వింటే ఒళ్లు పులకరిస్తుంది.

ఇక నల్లగొండ. మోత్కూరు దగ్గరి పాలడుగులో పేద పద్మశాలి ఇంట పుట్టిన హనుమంతు సుద్దాలలో స్థిరపడ్డాడు. హరికథలూ యక్షగానాలూ వింటూ, ఆడుతూ పెరిగాడు. ఆంధ్ర మహాసభలో చేరాడు. 1944లో భువనగిరి సభతో మొదలై 1946 నుంచి 1951 దాకా సాయుధంగా సాగిన తెలంగాణ రైతుల పోరాటానికి తన గొంతునిచ్చాడు. ఆయన చేతిలో వాద్యబృందం లేదు, స్వరలిపి లేదు. ఎదుట ఉన్నవాళ్లలో చాలామందికి అక్షరం రాదు. ఆయన గొల్ల సుద్దులు ఎత్తుకున్నాడు. గొంగడి భుజాన వేసుకుని చేతికర్రతో కథకుడు చెబుతుంటే, వంతలు మధ్యలో అడ్డుతగిలి ప్రశ్నలేస్తారు, నవ్విస్తారు. గొర్లూ గొడ్లూ వంశాల కథలు నడిచిన ఆ రూపంలోకి దేశ్‌ముఖ్, వెట్టి, నాగు అనే ధాన్యపు అప్పు, జీతం వచ్చి కూర్చున్నాయి. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ‘ఆఁ’ కొట్టాలో ఊరికి ముందే తెలుసు. దొర పేరు ఆ నవ్వు చోటులో పడితే ఏమవుతుందో ఊహించండి. గడీ ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచినవాళ్లు దొరను చూసి పగలబడి నవ్వారు.

బాఖ్ కూడా జనానికి ముందే తెలిసినదాని మీద ఆధారపడ్డాడు. యేసు బాధలను పాడే ఆయన ‘మాథ్యూ పాషన్’లో ఐదుసార్లు తిరిగొచ్చే భక్తిగీతపు బాణీ, అంతకుముందు 1601లో హాస్లర్ అనే స్వరకర్త కట్టిన ప్రేమపాటది. కానీ ఒక తేడాను దాటిపోలేను. బాఖ్ రాజకుటుంబపు పుట్టినరోజుల నుంచి దేవుడి పుట్టినరోజుకు వెళ్లాడు. స్తుతి స్తుతిగానే ఉంది, అందుకునేవాడు పెద్దవాడయ్యాడు. హనుమంతు స్తుతిని వదిలేశాడు. గొల్లల రూపాన్ని ఒక పద్మశాలి పట్టుకుని అన్ని కులాల కూలీల ముందు చెప్పడం సంగీతం మాత్రమే కాదు, ఊరి కట్టు మీద దెబ్బ. ఈ విషయంలో హనుమంతు సాహసమే పెద్దదని నా నిర్ణయం. బాణీని లోపలినుంచి తిరగరాసే నేర్పులో మాత్రం బాఖ్‌కు సాటి వెతకను. పోరాట పాటలు కొన్నింటిలో డిమాండ్ల జాబితా వచ్చినప్పుడు బాణీ మాటల్ని మోసే బండిగానే మిగిలిపోతుంది. అక్కడా అతుకు కనపడుతుంది.

‘పల్లెటూరి పిల్లగాడా’లో అది కనపడదు. పశువులు కాసే జీతగాడు, పసివాడు. అతని చినిగిన అంగీని చూస్తూ, ప్రశ్నలు అడుగుతూ సాగే ఆ పాటలో అరుపు లేదు. బాఖ్ జోలలో ఎంత మెత్తదనం ఉందో ఇందులోనూ అంత ఉంది. అక్కడి బిడ్డకు పక్కన తల్లి ఉంది. ఇక్కడి బిడ్డ దొర కొట్టం దగ్గర ఒంటరి. మెత్తగా అడిగినందుకే కోపం మనలో పుడుతుంది, పాటలో దాన్ని చెప్పనక్కర లేకపోయింది. 1980లో విడుదలైన ‘మా భూమి’ సినిమా ఈ పాటను కొత్త తరానికి అందించింది.

బాఖ్ బాణీలు ఒకసారి చర్చికి చేరాక కొలువుకు దాదాపు తిరిగి రాలేదు. నల్లగొండ బాణీలు ఎక్కడా ఆగలేదు. అదే పోరాటంలో బండి యాదగిరి కట్టిన ‘బండెనక బండి కట్టి’ అదే సినిమాలో గద్దర్ గొంతులో మళ్లీ లేచింది, తెలంగాణ ఉద్యమంలో కొత్త మాటలు తొడుక్కుని సభ సభకూ నడిచింది.