గోదాము గచ్చు వేసే చేతులు

నిజాంసాగర్ ఆయకట్టులోని బాన్సువాడ చుట్టూ వరికోతలైతే 40 కిలోల వడ్ల సంచులు గోదాములకు చేరతాయి. అందరూ గోడలు, పైకప్పు చూస్తారు. నాకు మాత్రం గచ్చు వేసిన మేస్త్రీకి దండం పెట్టాలనిపిస్తుంది.

బస్తా మోసే హమాలీ కాళ్ల కిందికి చూసుకోలేడు. మడమ మెలిక పడటానికి చిన్న గుంత చాలు. అతని కూలి పోతుంది, లారీ ఆగిపోతుంది. పగుళ్లలో పడ్డ గింజలకు పురుగు చేరుతుంది. నేల తేమ పైకెక్కితే అడుగు వరస సంచులు బూజు పడతాయి.

మంచి మేస్త్రీ మొరం మీద దిమ్మిస గట్టిగా కొట్టిస్తాడు. కాంక్రీటులో నీళ్లు ఎక్కువైతే పోయడం సులువే, కానీ పైపొర దుమ్మై రాలుతుంది, అందుకే ఒప్పుకోడు. మట్టం చేశాక పైకి తేలిన నీరు ఆరేదాకా ఆగి, అప్పుడే తాపీ పట్టి నునుపు చేస్తాడు. ఎంత ఓపిక! కోతలు దగ్గరపడ్డాయని యజమాని తొందరపెట్టినా, "ఇంకా తడపాలె సారూ" అంటాడు.

కాంక్రీటు బలాన్ని 28 రోజులకు లెక్కగడతారు. కనీసం మొదటి వారమైనా తడి ఆరనివ్వకూడదు. గోదాము కట్టించేవాళ్లారా, ఆ వారం మేస్త్రీ మాట వినండి.