ట్రేలో పుట్టే గెడ్డ

ఇసుక నింపిన వెడల్పాటి ట్రే, కింద ఎత్తు పెట్టడానికి రెండు పుస్తకాలు, మూతకు మేకుతో చిల్లు పెట్టిన నీళ్ల సీసా. నది పుట్టుకను తరగతి గదిలో చూపించడానికి ఇంతకన్నా ఎక్కువ సామాను అక్కర్లేదు. అయితే ఈ ప్రయోగంలో ఉన్న పనితనం చిన్నది కాదు.

మొదటి నేర్పు వాలులో ఉంది. వాలు ఎక్కువైతే నీరు ఇసుకను ఒక్కసారిగా ఊడ్చేస్తుంది. తక్కువైతే ఉన్నచోటే ఇంకిపోతుంది. రెండో నేర్పు చేతిని ఆపుకోవడం. వేలితో దారి గీస్తే పిల్లలు తాము తవ్విన కాలువనే చూస్తారు. గీయకుండా వదిలేస్తే మొదట ఏమీ జరగదు, నీళ్లన్నీ ఇసుకలోకి పోతాయి. కాసేపటికి ట్రే దిగువన ఇసుక చెమర్చి, సన్నటి ధార బయటికొస్తుంది. ధార మొదలైన చోట గట్టు విరిగి పడుతూ, ఆ గాడి ఎగువకు పాకుతుంది. నీరు కిందికి పారుతుంటే దాని దారి పైకి పెరుగుతుందన్న సంగతి ఏ బొమ్మా ఇంత బాగా చెప్పలేదు. పెద్ద శాస్త్రజ్ఞులూ ఈ ఆటే ఆడారు. అమెరికా భూవిజ్ఞాని గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ తొట్లలో ఇసుకా నీళ్లూ వదిలి, ప్రవాహం ఎంత ఇసుకను మోయగలదో కొలిచి, 1914లో ప్రచురించారు.

తర్వాతది చెరువు. ఇసుకలో రెండు గుంటలు చేసి, ఒకదానికి బంకమట్టి మెత్తి, రెండింట్లోనూ నీళ్లు పోస్తారు. ఒట్టి గుంటలో నీరు ఇంకిపోతుంది, మెత్తిన గుంట నిలుపుకుంటుంది. ఆ తర్వాత గాడికి అడ్డంగా మట్టిగట్టు వేస్తే నీరు నిండి, పొర్లి, గట్టు మీద చిన్న గాటు పెడుతుంది. కళ్లముందే ఆ గాటు పెద్దదై గట్టు తెగిపోతుంది. ఈసారి ఒక పక్కన గట్టు కాస్త తగ్గించి, అక్కడ గులకరాళ్లు పరిస్తే గట్టు నిలుస్తుంది. మిగులు నీరు పొర్లిపోయే అలుగు ఎందుకో పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు.

అనకాపల్లి జిల్లాలోని రావికమతం పిల్లలకు ఈ పాఠం ఊరి చుట్టూ పరిచి ఉంది. కొండల్లోంచి గెడ్డలు, అంటే వాగులు, దిగుతాయి. గట్టుతో నిలిపిన నీటికి మండలంలోనే కల్యాణపులోవ రిజర్వాయరు ఉంది. సహజంగా ఏర్పడిన మంచినీటి సరస్సు చూడాలంటే అదే జిల్లాలో అచ్యుతాపురం దగ్గర కొండకర్ల ఆవ ఉంది. తూర్పు కనుమల్లో పుట్టిన శారద అనకాపల్లి మీదుగా సముద్రానికి పోతుంది. అయితే ట్రేకు ఓ పరిమితి ఉంది: అందులో గంటలో జరిగేది నిజమైన నదికి వేల ఏళ్లు తీసుకుంటుంది. ఆ మాట పిల్లలకు తప్పక చెప్పాలి.

మాస్టార్లకు ఒక్క మనవి. ఈ పాఠం వానాకాలంలో పెట్టుకోండి. ట్రే ప్రయోగం అయ్యాక, వాన వెలిసినప్పుడు పిల్లల్ని బడి ఆవరణలోకి తీసుకెళ్లి, మట్టిలో నీరు కోసిన గాళ్లను చూపించండి. అవి ఎక్కడ మొదలయ్యాయో వాళ్లనే వెతకమనండి.