ఓడిన పక్షానికీ ఒక గెలుపు

1942 ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం. జపాన్ విమానవాహక నౌకల నుంచి లేచిన 36 జీరో ఫైటర్లు, 90 దాకా బాంబర్లు కొలంబో మీదికి వచ్చిపడ్డాయి. ఎదురెళ్లడానికి అక్కడున్న బ్రిటిష్ ఫైటర్లు హరికేన్లు, ఫుల్మార్లు కలిపి 40కి అటూ ఇటూ. రత్మలానా ఎయిర్‌ఫీల్డులో హరికేన్లు ఇంకా నేల విడుస్తుండగానే జీరోలు మీద పడ్డాయి. దాడి ముగిసేసరికి బ్రిటిష్ వైపు 20 దాకా ఫైటర్లు పోయాయి. జపాన్ పోగొట్టుకున్నవి 7 విమానాలు. మర్నాడే ర్యూజో అనే చిన్న వాహక నౌక నుంచి వచ్చిన విమానాలు మన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి.

ఈ పోరును ఇప్పుడు ఆన్‌లైన్‌లో మనుషులతో ఆడించాలనుకోండి. అటు 40 మంది, ఇటు 40 మంది, అందరూ ఇష్టపడి వచ్చినవాళ్లే. చరిత్రను ఉన్నదున్నట్టు దించితే బ్రిటిష్ వైపు కూర్చున్నవాళ్లు చచ్చిపోవడానికే వచ్చినట్టవుతుంది. వచ్చే వారం ఆ వైపు ఎవరూ రారు. పోనీ ఇద్దరికీ సరిసమానమైన విమానాలిస్తే ఆట బాగానే సాగుతుంది కానీ అది కొలంబో కాదు. ఈ రెంటి మధ్య దారి వేసే మనుషులున్నారు. వాళ్లకు జీతం లేదు, పేరూ రాదు. వాళ్ల పనితనాన్ని దగ్గర నుంచి చూపించాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను.

రెండో ప్రపంచ యుద్ధపు విమానాలతో చాలామంది ఒకే ఆకాశంలో పోట్లాడే ఆటలు కొత్తవి కావు. 1988లోనే ఎయిర్ వారియర్ వచ్చింది, 1995లో వార్‌బర్డ్స్. వార్‌బర్డ్స్ చేసినవాళ్లలో కొందరు తర్వాత టెక్సస్‌లో హైటెక్ క్రియేషన్స్ పెట్టి 2000లో ఏసెస్ హై తెచ్చారు. ఈ ఆటల రోజువారీ అరేనాలో ఎవరికి నచ్చిన విమానం వాళ్లు ఎక్కొచ్చు. జీరో, మెసర్‌ష్మిట్ పక్కపక్కన ఎగురుతూ మస్టాంగ్‌ను తరుముతుంటాయి. ఎవరికీ అభ్యంతరం ఉండదు, అక్కడ చరిత్రతో పని లేదు. చరిత్ర కావాలంటే ఈవెంట్ రోజు దాకా ఆగాలి. తేదీ, మ్యాప్, విమానాలు, లక్ష్యాలు, నిబంధనలు అన్నీ ముందే ఖరారు చేసి ఆడించే ఆట అది. దాన్ని కట్టేవాళ్లను ఏసెస్ హైలో క్యాంపెయిన్ మేనేజర్లంటారు. వాళ్లూ ఆటగాళ్లే, ఇష్టం కొద్దీ ఈ పని నెత్తికెత్తుకున్నవాళ్లు.

మా కమలాపురం చుట్టుపక్కల తిరునాళ్లలో బండలాగుడు చూసినవాళ్లకు పోటీలో న్యాయం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. పాలపళ్ల ఎద్దులు వేరు, రెండు పళ్లవి వేరు, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి వేరు, సీనియర్లు వేరు. విభాగానికి తగిన బండ, అందరికీ ఒకే సమయం, ఎన్ని అడుగులు లాగిందో కొలత. వార్ థండర్ ఆటలో బ్యాటిల్ రేటింగ్ అనేది ఈ పద్ధతే. విమానం ఏ సంవత్సరానిది అన్నదాని కంటే ఆటలో దాని సత్తా ఎంతన్నది చూసి అంకె వేస్తారు, దగ్గర దగ్గర అంకెలున్నవాటిని ఒకచోట చేర్చి వదులుతారు. రోజూ లక్షల మంది వచ్చిపోయే చోట అంతకంటే మేలైన మార్గం నాకు తోచదు. చారిత్రక ఈవెంట్‌కు మాత్రం అది పనికిరాదు. కొలంబో మీద హరికేన్లను, జీరోలను ఎవరూ పళ్లు చూసి జత కట్టలేదు.

అందుకని మంచి డిజైనర్ విమానాల జోలికి పోడు. జీరోతో మలుపులు తిరగబోయిన హరికేన్ బతకదు, అది అలాగే ఉండాలి. జీరోలో ఇంధన ట్యాంకులకు రక్షణ లేదు, పైలట్ వెనక కవచం లేదు, గుండ్లు సరిగ్గా తగిలితే అంటుకుంటుంది. అదీ అలాగే ఉండాలి. అతను చెయ్యి పెట్టేది గెలుపు కొలత మీద. చరిత్రలో బ్రిటిష్ వాళ్లు 7 కూల్చారు కదా, ఆటలో 10 కూల్చి, రేవులో సగం నిలబెడితే గెలుపు వాళ్లది. తమ హరికేన్లు ఎన్ని కాలిపోయినా సరే. జపాన్ వైపువాళ్లు ఎక్కువమందిని చంపితే చాలదు, వచ్చిన పని పూర్తి చేసుకుని బాంబర్లను క్షేమంగా ఓడకు చేర్చుకోవాలి. ఎదుటివాడిని మించితేనే గెలుపు అనే లెక్క పోయి, 1942లో అదే సీట్లో కూర్చున్నవాడి కంటే మెరుగ్గా చేశావా అనే లెక్క వస్తుంది. ఈ రంగంలో నేను చూసిన అతి గొప్ప ఆలోచన ఇదే. విమానాలు అసమానంగానే ఉంటాయి, ఆశ మాత్రం ఇద్దరికీ సమానంగా దక్కుతుంది.

ఏసెస్ హైలో ఏళ్ల తరబడి నడిచిన ఫ్రైడే స్క్వాడ్ ఆపరేషన్స్‌ను చూస్తే ఈ పని ఎంత శ్రద్ధగా చేస్తారో తెలుస్తుంది. ఒక ఈవెంట్ అంటే మూడు శుక్రవారాలు, వారానికో ఫ్రేమ్. ఆటగాళ్ల జట్లయిన స్క్వాడ్లు తమ వైపు నుంచి ఎంతమంది వస్తారో ముందే మాటిస్తాయి. ఆ అంకెలను కూడి రెండు పక్షాలూ తూగేలా పంచుతారు. లక్ష్యాల జాబితా ఆ వారం కమాండర్‌గా ఉన్న స్క్వాడ్ చేతికి వస్తుంది. ఎవరు ఎక్కడికి పోవాలో, ఏ ఎత్తులో పోవాలో ఆదేశాలు రాసేది వాళ్లే. ఒక నిబంధన నాకు మరీ ఇష్టం. దాడి చేసే పక్షం ఆట మొదలైన 60 నిమిషాల లోపు ప్రతి లక్ష్యం మీదికీ చేరి తీరాలి. చూడ్డానికి చిన్న ముక్కే. అది లేకపోతే దాడి చేసేవాళ్లు ఎత్తుకు ఎక్కుతూ కూర్చుంటారు, కాపలా వాళ్లు గంటల తరబడి శూన్యంలో చక్కర్లు కొట్టి విసిగిపోతారు. నిజం యుద్ధంలో కాపలా అంటే ఎక్కువ భాగం ఆ విసుగే అయినా, అమెరికాలో శుక్రవారం రాత్రి నిద్ర మానుకుని, మన దగ్గరైతే శనివారం పొద్దున పనులు మానుకుని కూర్చున్న మనిషికి అంత చరిత్ర అక్కర్లేదు. ఎక్కడ చరిత్రను వదలాలో తెలియడం కూడా పనితనమే.

ఇంధనం సంగతి చూడండి. 1940లో బ్రిటన్ మీదికి వెళ్లిన జర్మన్ ఫైటర్ మెసర్‌ష్మిట్ 109కి లండన్ మీద పోరాడటానికి పది నిమిషాలు మించి మిగిలేది కాదు. ఎర్ర దీపం వెలిగిందంటే పోరు మధ్యలో వదిలి ఇంగ్లిష్ ఛానల్ వైపు మళ్లాల్సిందే. ఆ యుద్ధం తిరిగిన మలుపులో ఆ పది నిమిషాలకు పెద్ద వాటా ఉంది. రోజువారీ అరేనాలో ఎయిర్‌ఫీల్డులు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి, దానికి తగ్గట్టు ఇంధనం అసలు కంటే వేగంగా ఖర్చయ్యేలా పెడతారు. ఈవెంట్‌లో మ్యాప్ కొలత మారితే ఆ గుణకాన్నీ మార్చాలి. కాస్త తగ్గించి పెడితే 109లు లండన్ మీద తీరిగ్గా అరగంట తిరుగుతాయి, స్పిట్‌ఫైర్ల వైపు వాళ్ల పని అయిపోయినట్టే. ఎక్కువ పెడితే 109లు ఛానల్ దాటకముందే వెనక్కి తిరుగుతాయి. తెర మీద ఎక్కడా కనిపించని ఆ ఒక్క అంకెను సరిచూడటానికి డిజైనర్ ముందే తానెగిరి, గడియారం పట్టుకుని చూసుకుంటాడు.

ఇంకో పనితనం ఆట తయారుచేసినవాళ్లది. కమలాపురంలో కూర్చుని టెక్సస్ సర్వర్‌లో ఆడితే తెర మీద కనిపించే ఎదుటి విమానం పావు సెకను పాతది అనుకోండి. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం పావు సెకనులో 35 మీటర్లు ముందుకు పోతుంది. జీరో రెక్కల పొడవు 12 మీటర్లు. అంటే మనకు కనిపించే చోటుకూ, అది నిజంగా ఉన్న చోటుకూ మూడు విమానాల వెడల్పు తేడా. మరి రెండు విమానాలు గుద్దుకున్నాయా లేదా అన్నది ఎవరు చెప్పాలి? ఏసెస్ హైలో ఎవరి కంప్యూటర్ వాళ్ల గుద్దుడునే తేలుస్తుంది. నా తెర మీద నేను గుద్దుకుంటే దెబ్బ నాకు తగులుతుంది. ఎదుటివాడి తెర మీద నేను పక్క నుంచి పోయి ఉంటే వాడు క్షేమంగా పోతాడు. తెలియనివాళ్లు దీన్ని అన్యాయమని తిడతారు. నిదానంగా ఆలోచిస్తే ఇంతకంటే న్యాయమైనది దొరకదు. కంటికి కనిపించి, తప్పుకునే వీలున్నదానికే శిక్ష. గుండు తగిలిందా లేదా అన్నది మాత్రం కాల్చినవాడి తెరను బట్టి తేలుస్తారు, గురి చూసి కొట్టినవాడి శ్రమ వృథా కాకూడదని. దాని వల్ల అప్పుడప్పుడూ తప్పించుకున్నాననుకున్నవాడు కూలిపోతాడు. కాల్చినవాడికీ, తప్పించుకున్నవాడికీ ఒకేసారి న్యాయం కుదరదు. కుదరని చోట ఎవరి కష్టాన్ని కాపాడాలో ఆట తయారుచేసినవాళ్లు ఆలోచించి తేల్చుకున్నారు.

అన్నిటికంటే కష్టమైనది అజ్ఞానాన్ని తిరిగి తేవడం. 1942 ఏప్రిల్ 4న కెనడా పైలట్ లియొనార్డ్ బర్చల్ తన కాటలీనా విమానంలో జపాన్ నౌకాదళాన్ని చూసి, కూలిపోయే లోపు రేడియోలో కబురు పంపాడు. ఆ కబురు వల్లే కొలంబోకు మర్నాడు ప్రమాదముందని తెలిసింది. అంత తెలిసినా పొద్దున విమానాలు దగ్గరికొచ్చే ముందు రేడార్ హెచ్చరిక అందలేదు. కొలంబో రేస్‌కోర్సును ఎయిర్‌ఫీల్డుగా మార్చి అక్కడ ఒక స్క్వాడ్రన్ హరికేన్లను పెట్టారన్న సంగతి మాత్రం జపాన్ వాళ్లకు తెలిసినట్టు లేదు. ఇవాళ ఆడేవాడికి ఇవన్నీ ముందే తెలుసు. రత్మలానా మీద పొద్దున్నే కాపలా పెడతాడు, రేస్‌కోర్సు మీద మొదటి బాంబు వేస్తాడు. తేదీ, దిక్కు, లక్ష్యం యథాతథంగా ఉంచితే జరిగింది కొలంబో దాడి అన్న పేరే మిగులుతుంది, ఆ పొద్దుటి అయోమయం ఒక్క చుక్క కూడా ఉండదు. అందుకే తెలివైన డిజైనర్ చరిత్ర వివరాలను కావాలనే చెదరగొడతాడు. దాడి కొలంబో మీదా, శ్రీలంకలోని ఇంకో రేవు ట్రింకోమలీ మీదా అన్నది దాడి చేసేవాళ్లకే వదిలేస్తాడు. దాచిన ఎయిర్‌ఫీల్డు ఎక్కడో కాపలా వాళ్లనే ఎంచుకోమంటాడు. రేడార్‌లో చుక్కలు తీసేసి, కాటలీనా పంపిన కబురంత సమాచారం మాత్రమే ఇస్తాడు. వివరం తప్పుతుంది, అనుభవం నిజమవుతుంది. నేనైతే ఈ తప్పును చరిత్రకు చేసిన గౌరవం అంటాను.

చరిత్ర అంకెలు కూడా ఊరికే చేతికి రావు. 1940 సెప్టెంబర్ 15న 185 జర్మన్ విమానాలు కూల్చామని బ్రిటన్ ప్రకటించింది. యుద్ధం తర్వాత జర్మన్ రికార్డులు చూస్తే 60కి అటూ ఇటూ తేలింది. గెలుపు కొలత 185 మీద పెడితే బ్రిటిష్ వైపు ఎప్పటికీ గెలవదు. అందుకే ప్రకటనలు వదిలేసి రెండు వైపులా పోయిన విమానాల చిట్టాలు వెతికి కూర్చుంటారు. ఒక్క ఈవెంట్ వెనక ఇంత చదువు ఉంటుంది.

ఇంత సరంజామా పెట్టినా, చరిత్రను నిజంగా మన ముందుకు తెచ్చేది ఒకే ప్రాణం నిబంధన అని నా నమ్మకం. మామూలు అరేనాలో కూలిపోయినవాడు నిమిషంలో మళ్లీ ఎగురుతాడు. ఈవెంట్‌లో కూలితే ఆ రోజుకు అంతే. ఆ ఒక్క మాటతో మనుషుల తీరే మారిపోతుంది. రెక్కకు చిల్లు పడితే ఇంటిదారి పడతారు. ఒంటరిగా ముగ్గురి మీదికి దూకరు. పక్కవాడిని వదలరు. మరి పదో నిమిషంలో కూలిపోయినవాడి సంగతి? అందుకని బలహీన పక్షానికి రెండో ప్రాణం ఇచ్చే సర్దుబాటు ఒకటుంది. హరికేన్ ఇంజన్‌కు లేని బలం కల్పించడం కంటే అది వెయ్యి రెట్లు నయం. సిద్ధం చేసిన ఇంకో విమానం ఎయిర్‌ఫీల్డులో ఉందనుకుంటే చరిత్ర కూడా ఒప్పుకుంటుంది.

ఇక మన తీరం. ఏప్రిల్ 6న విశాఖ మీదికి వచ్చిన విమానాలకు ఎదురెళ్లే ఫైటర్లు అక్కడ లేవు. దాన్ని ఫ్రేమ్‌గా కట్టాలంటే చాలామంది చేతులెత్తేస్తారు. ఒక వైపు బాంబర్లు, ఇంకో వైపు రేవు. అక్కడ లేని స్పిట్‌ఫైర్లను తెచ్చి పెట్టడం ఘోరం. కానీ ఆ రోజుల్లో జపాన్ అడ్మిరల్ ఒజావా నౌకాదళం బంగాళాఖాతంలో ముంచినవి 20 దాకా సరుకు ఓడలు. వాటిలో చాలా ఓడలు కాపలా లేకుండా పోతున్నాయి. అదే ఆటకు పట్టు. బ్రిటిష్ వైపు ఆటగాళ్లకు నిఘా విమానాలివ్వాలి, తీరం వెంట విడివిడిగా పోతున్న ఓడలివ్వాలి. శత్రువును ముందు చూసి, ఓడలను సకాలంలో చెదరగొట్టి, ఎన్నిటిని కాకినాడ, విశాఖ, మద్రాసు రేవులకు చేర్చారన్నదే కొలత. ఒక్క విమానాన్ని కూడా కూల్చకుండా గెలవొచ్చు. విమాన పోరాటాల ఆటలో తుపాకీ లేని గెలుపు ఎవరికి కావాలని అడగొచ్చు. నిఘా విమానంలో రెండు గంటలు సముద్రం మీద కళ్లు పెట్టుకుని కూర్చునే ఓపికున్న ఆటగాళ్లు ప్రతి స్క్వాడ్‌లోనూ ఇద్దరు ముగ్గురుంటారు, వాళ్లకే ఎప్పుడూ తగిన పని దొరకదు. డాల్ఫిన్స్ నోస్, కోరంగి మడ అడవులు, కాకినాడ రేవు సరైన చోట ఉన్న మ్యాప్ కావాలి. ఆ పని తెలుగు ఆటగాళ్లే చేపట్టాలని నా కోరిక. తీరం మనది, ఏ ఒంపు ఎక్కడుందో మనకు తెలుసు, ఓడల లెక్క రికార్డుల్లో ఉంది.