బంజరు అనే మాట

కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కలిసి బంజరు భూముల అట్లాస్ తెస్తున్నాయి. మొదటిది 2000లో వచ్చింది. 2019 సంచిక లెక్కలో దేశంలోని బంజరు 5 కోట్ల 57 లక్షల హెక్టార్లు. అంటే మొత్తం నేలలో దాదాపు 17 శాతం.

మన టీచర్లు, యువకులు చదవవలసిన పుస్తకం ఇది. ఉపగ్రహ చిత్రాలతో దేశమంతటినీ ఒకే కొలతతో చూపడం చిన్న పని కాదు. ఎక్కడ నేల కోతకు గురైందో, ఎక్కడ చవుడు తేలిందో జిల్లాలవారీగా తెలుస్తుంది. కొలత మీద నాకు పేచీ లేదు. పెట్టిన పేరు మీదే నా అభ్యంతరం.

ఇందులో బంజరును 23 రకాలు చేశారు. గనుల వ్యర్థాలు పోసిన నేల ఒక రకం. మంచు కప్పిన కొండలు ఒక రకం. పశువులు మేసే బీళ్లు, తుప్పలున్న అడవి కూడా రకాలే. ఈశాన్య రాష్ట్రాల్లో ఝూమ్ అని, మన దగ్గర పోడు అని పిలిచే సేద్యాన్ని రెండు రకాలు చేశారు: ఇప్పుడు సాగులో ఉన్నది, వదిలేసినది. గని పాడుచేసిన నేలకూ, అలసట తీర్చుకుంటున్న నేలకూ ఒకటే పేరు! పడావు పెట్టిన చేనును వదిలేసిన చేను అనడం తప్పు. ఆకు రాలి, వేరు పాకి, మట్టికి మళ్లీ సత్తువ రావడానికి పెద్దలు ఇచ్చిన గడువు అది. ఆ గడువు ఉపగ్రహానికి కనబడదు.

పేరును బట్టే పని నడుస్తుంది. 2030 నాటికి 2 కోట్ల 60 లక్షల హెక్టార్ల పాడైన నేలను బాగుచేస్తామని 2019లో ఐక్యరాజ్య సమితి ఎడారీకరణ సదస్సులో మన దేశం ప్రకటించింది. మంచి మాటే. కానీ బంజరు అంటే ఖాళీ అనుకునేవారు గుంతలు తీసి జామాయిలు నాటుతారు. పటం పచ్చబడుతుంది. మన పశువులకు మేత, మనకు తునికాకు, ఇప్పపువ్వు మిగలవు.

వానల తీరు కూడా మారింది. నాలుగు రోజుల వాన ఒక్క పూటలో పడుతోంది, తర్వాత వారాల తరబడి మబ్బు జాడ ఉండదు. బోసి నేల మీద పడిన పెద్దవాన మట్టిని మోసుకుపోతుంది. గడ్డివేళ్లు పట్టిన నేల నీటిని తాగుతుంది. అందుకే అట్లాస్ తీసిపారేసిన గడ్డి, తుప్పలే మనకు మొదటి రక్షణ. వాలు చేలల్లో, ఏటా పత్తే వేసే చేలల్లో మట్టి పోతున్న మాట నిజం. అది దాచకూడదు. భూములు చేజారి, మిగిలిన చెక్కనే ఏటా దున్నుకోవలసి రావడం వల్ల పడావు తగ్గిందన్న సంగతీ దాచకూడదు.

ఆఫ్రికాలోని నైజర్ దేశం మనకంటే ఎండిన నేల. అక్కడ మరాడి ప్రాంతపు రైతులు 1980ల నుంచి కొత్త మొక్కలు నాటే బదులు, పొలాల్లో బతికున్న మొద్దుల చిగుళ్లను కాపాడారు. బలమైన కొన్ని చిగుళ్లు ఉంచి మిగతావి కోశారు. అది ఊరూరా పాకి దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగొచ్చాయి. పూర్వం చెట్టు సర్కారుది కాబట్టి రైతుకు దానిమీద ఆశ ఉండేది కాదు. తనదే అన్న నమ్మకం కుదిరాక కాపాడుకున్నాడు.

మన తునికి, మోదుగు కూడా మొద్దు నుంచి, వేరు నుంచి చిగురించేవే. సామూహిక అడవిని కాపాడుకునే, తిరిగి పెంచుకునే హక్కును 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్‌లోనే రాసింది. ఏ నేల ఏ ఊరి వాడుకలో ఉందో అట్లాస్ పటాలు చెప్పవు. ఆ పటం మనమే గీయాలి. టీచర్లు ఈ వానాకాలంలో పిల్లలను ఊరి బంజరుకు తీసుకెళ్లండి. అక్కడి ప్రతి గడ్డికీ, తుప్పకూ మన భాషలో ఉన్న పేరు, దాని వాడుక, అది ఎవరికి అక్కరకొస్తుందో పెద్దలను అడిగి రాయించండి. ఆ కాగితాన్ని గ్రామసభలో చదివించండి. అప్పుడు ఆ నేలను ఖాళీ అనడం ఎవరికైనా కష్టమవుతుంది.