హైదరాబాద్ పేరు మోసిన స్పిట్‌ఫైర్

ఎల్బీనగర్ చుట్టుపక్కల కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేసే షెడ్లున్నాయి. ప్లాస్టిక్ విమానాలు చేసే విద్యలో సగం నాకు అక్కడే అబ్బింది. నీళ్లలో తడిపి రుద్దే వాటర్ పేపరు, దాని నంబర్లు, ఏ దశలో ఏ నంబరు వాడాలో, లప్పం ఎంత పలచగా పెట్టాలో, ప్రైమర్ ఎందుకు కొట్టాలో ఇవన్నీ ఆ షెడ్ల వాళ్లే చెప్పారు. డోరు మీద సొట్ట పోయిందో లేదో చూడటానికి అక్కడి మేస్త్రీ కళ్లు పక్కకు తిప్పుకుని అరచేత్తో తడుముతాడు. "తడి మీద చెయ్యి పెట్టి చూడుండ్రి సార్, ఎత్తుపల్లం తెలుస్తది" అన్నాడొకసారి. అరచేయి పట్టేంత చోటు నా విమానం మీద ఉండదు కనుక నేను చూపుడు వేలి కొసతో అదే పని చేస్తాను.

నేను ఎక్కువగా చేసేది స్పిట్‌ఫైర్. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం నడిపిన ఒకే పైలట్ కూర్చునే యుద్ధవిమానం అది. అసలు విమానం రెక్కల చివరి నుంచి చివరికి 11.23 మీటర్లు. 72వ వంతుకు కుదిస్తే 15.6 సెంటీమీటర్లు. ఆరడుగుల మనిషిని ఒక్క అంగుళానికి దించే కొలత ఇది. డబ్బా విప్పితే చట్రాలకు అంటుకుని భాగాలుంటాయి. మొండెం ఎడమ, కుడి అని రెండు చెక్కలుగా వస్తుంది. ఆ రెంటినీ కలిపాక వీపు మీదుగా, పొట్ట కిందుగా ఒక గీత మిగులుతుంది. అసలు విమానం మీద ఆ గీత ఉండదు. అది పోయేదాకా నా దృష్టిలో బొమ్మ బొమ్మే.

గీత పోగొట్టడం జిగురు దగ్గరే మొదలవుతుంది. ఈ పనికి వాడే పలచని జిగురు అంటించదు, ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. రెండు చెక్కలను ఒకదానికొకటి ఆనించి పట్టుకుని, జిగురులో ముంచిన సన్నని కుంచెను గీత మీద ఒక్కచోట తాకిస్తే చాలు. ద్రవం సందు వెంట తనంతట తానే జరజరా పాకిపోతుంది. కాసేపాగి మెల్లగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సందులోంచి వెంట్రుకంత గట్టుగా పైకి పొంగుతుంది. ఆ గట్టు లేచిందంటే రెండు చెక్కలూ లోపల ఒక్కటైనట్టే. దాన్ని వెంటనే గీకకూడదు, రెండు రోజులు ఎండనివ్వాలి. తర్వాత బ్లేడుతో చెక్కి, 600 నంబరు వాటర్ పేపరు, ఆపైన 1000, 1500. ఇలా చేస్తే వీపు మీద లప్పం అవసరమే రాదు.

రెక్క మొండేన్ని కలిసే చోట సందు కనిపిస్తే చాలామంది లప్పం కూరతారు. అంతకంటే మంచి దారి ఉంది. స్పిట్‌ఫైర్ రెక్కలు చదునుగా ఉండవు, కొసలు కాస్త పైకి లేచి ఉంటాయి. జిగురు తడిగా ఉండగానే ఈ కొస నుంచి ఆ కొసకు వీపు మీదుగా టేపు బిగించి లాగితే రెక్కలు లేవాల్సినంత లేస్తాయి, సందూ మూసుకుంటుంది. విమానం ఆకారం తెలిసినవాడికి సగం లప్పం మిగులుతుంది.

రంగుల దగ్గర మన ఊరి వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే. మే నెలలో దిల్‌సుఖ్‌నగర్ మేడ మీది గదిలో ఎయిర్‌బ్రష్ పడితే ఆక్రిలిక్ రంగు సూది కొస మీదే ఎండిపోతుంది, లేదా గాల్లోనే ఆరిపోయి పొడిపొడిగా వాలుతుంది. ఆరడాన్ని ఆలస్యం చేసే మందు రెండు చుక్కలు కలిపి, తెల్లవారుజామునే పని కానివ్వాలి. వానాకాలంలో లాకర్ వార్నిష్ తేమ పట్టి పాలు విరిగినట్టు తెల్లబారుతుంది. కిటికీ మూస్తే జిగురు వాసన తలకెక్కుతుంది, తెరిస్తే మెయిన్ రోడ్డు దుమ్మంతా తడి రెక్కల మీదే. ఇంట్లో అందరూ పడుకున్నాక కిటికీ తెరిచి, రంగేసిన భాగాల మీద డబ్బా బోర్లించడం నా పద్ధతి.

1940 వేసవి నాటి స్పిట్‌ఫైర్‌కు పైన ముదురు ఆకుపచ్చ, మట్టి గోధుమ మరకలు, కింద స్కై అనే లేత ఆకుపచ్చ ఛాయ. ఇంతవరకూ ఏ దేశంవాడు చేసినా ఒకటే. ఆ తర్వాత ఏ దళం అక్షరాలు అతికించాలనే ప్రశ్న వస్తుంది. డబ్బాలో ఇచ్చిన డెకాల్స్, అంటే నీళ్లలో నానబెట్టి అతికించే అచ్చులు, ఏదో ఒక పేరున్న పైలట్‌వి అయి ఉంటాయి. నేను వాటిని పక్కనపెట్టి 'యూఎం' అనే రెండు అక్షరాలు వెతుక్కుంటాను. అవి 152వ స్క్వాడ్రన్‌వి. దాని పూర్తి పేరు 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్.

1939 అక్టోబరులో ఈ దళాన్ని మళ్లీ ఏర్పరిచారు. 1940 మొదట్లో స్పిట్‌ఫైర్లు వచ్చాయి. ఆ జులైలో ఇంగ్లండ్ దక్షిణ తీరాన వార్మ్‌వెల్‌కు చేరి బ్రిటన్ గగనతల పోరాటంలో దిగింది. దాని చిహ్నం నిజాం తలపాగా, దస్తార్. నినాదం 'ఫెయిత్‌ఫుల్ అలై', నమ్మిన మిత్రుడని. మొదటి ప్రపంచ యుద్ధంలో చేసిన సాయానికి బ్రిటిష్ ప్రభుత్వం నాటి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఇచ్చిన బిరుదది. ఆ సాయంలో విమానాలూ ఉన్నాయి. 1918లో 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్.9ఏ బాంబర్లు ఆయన డబ్బుతోనే వచ్చాయి. వాటి మీద ఇవి నిజాం బహూకరించినవని రాసి ఉండేది. అందులో ఒకటి ఇప్పటికీ లండన్‌లోని బ్రిటిష్ వైమానిక దళ మ్యూజియంలో ఉంది. 253వ స్క్వాడ్రన్‌కు కూడా హైదరాబాద్ స్టేట్ అనే పేరుంది. అది హరికేన్ యుద్ధవిమానాలు నడిపింది.

నిజాంకూ బ్రిటిష్ వాళ్లకూ మధ్య ఈ మైత్రి మొదలైన చోటు మా ఇంటి నుంచి ఎంతో దూరం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌కు ముందు మెట్రో స్టేషన్ మూసారాంబాగ్. ఆ పక్కన గుట్ట మీద ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఉంది. నిజాం అలీ ఖాన్ కొలువులో పెద్ద సైన్యాన్ని నడిపిన రేమండ్ 1798 మార్చిలో చనిపోయాడు. ఆ సెప్టెంబరులో నిజాం బ్రిటిష్ కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. తర్వాతి నెలలో ఫ్రెంచి పటాలాన్ని నిరాయుధం చేసి పంపేశారు. నమ్మిన మిత్రుడన్న మాటకు పునాది అక్కడ పడింది. మెట్రోలో రోజూ ఆ గుట్ట పక్క నుంచి పోయే కోచింగ్ పిల్లలకు ఎవరైనా ఈ సంగతి చెప్పాలి.

విమానాలకు నిజాం ఇచ్చిన డబ్బు ఎవరిదన్న మాట కూడా వదిలేయలేను. నిజాం ఖజానా అంటే రైతులు కట్టిన శిస్తు. నల్గొండ, వరంగల్ రైతులు అప్పటికి విమానాన్ని చూసి ఉండరు. ఆవలి తెలుగు జిల్లాల కథా ఇలాంటిదే. అవి అప్పుడు మద్రాస్ ప్రెసిడెన్సీలో భాగం. ఆ ప్రెసిడెన్సీ పేరు 234, 264 స్క్వాడ్రన్లకు దక్కింది. 1940 ఆగస్టులో స్పిట్‌ఫైర్ల 234వ స్క్వాడ్రన్ మిడిల్ వాలప్‌లో ఉంది. 152 ఉన్న వార్మ్‌వెల్ అదే సెక్టార్ కిందిది. తెలుగు నేల రెండు పాలనల కింద చీలి ఉన్న రోజుల్లో, ఆ రెంటి పేర్లూ మోసిన దళాలు ఒకే ఆకాశానికి కాపలా కాశాయి. మన పాఠ్యపుస్తకాల్లో నాకిది ఎక్కడా కనపడలేదు.

అక్షరాల తర్వాత అతికించాల్సినవి రెక్క ముందంచు మీద ఎర్రటి చిన్న చదరాలు. నీళ్లలో నానబెట్టి, పట్టకారుతో జార్చి, కుంచె తడితో సర్దాలి. ఒక్కొక్కటీ మిల్లీమీటరుకు అటూ ఇటూ. రెక్కల్లో ఎనిమిది బ్రౌనింగ్ తుపాకులున్నాయి. దుమ్మూ చలీ లోపలికి పోకుండా వాటి మూతులకు ఎర్ర గుడ్డ ముక్కలు అతికించేవాళ్లు. విమానం దిగేసరికి అవి చిరిగి ఉంటే పైలట్ కాల్చాడని నేల మీది సిబ్బందికి తెలిసిపోయేది. ఒక్కో తుపాకీకి 300 తూటాలు, మొత్తం కాల్చేస్తే పదిహేను సెకన్ల పని. 152 దళంలో 'బాయ్' అని పిలిచే ఎరిక్ మార్స్ ఉండేవాడు. 1941 జులైలో ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ మీద నేల నుంచి వచ్చిన కాల్పులకు చనిపోయేనాటికి అతనికి 20 ఏళ్లు. హాస్టళ్ల ముందు టీ తాగుతూ నిలబడే మా దిల్‌సుఖ్‌నగర్ పిల్లల వయసు. ఆ ఎర్ర చదరాలను చిరగనివిగా చూపించాలో చిరిగినవిగా చూపించాలో ప్రతిసారీ ఆలోచిస్తాను. చిరగనివిగానే ఉంచుతాను.

ఇదే దళం తర్వాత ఉత్తర ఆఫ్రికా, ఇటలీ మీదుగా మన వైపు వచ్చి బర్మా రంగంలో పోరాడింది. అక్కడి స్పిట్‌ఫైర్ ఎనిమిదో మోడల్ మీద రెండు నీలాల గుండ్రని గుర్తు వేసేవాళ్లు. జపాన్ విమానాల ఎర్ర సూర్యుడితో పొరపడకుండా మధ్యలో ఎరుపు తీసేశారు. ఆ గుర్తు మీదుగా దూకుతున్న నల్ల చిరుతను 152 దళం గీయించుకుంది. అది నాకు అచ్చులో దొరకలేదు కనుక అతి సన్నని కుంచెతో చేత్తోనే వేశాను. ముందు కాళ్లు బాగా కుదిరాయి.

ఇప్పుడు బల్ల మీద 253 దళపు హరికేన్ ఉంది. దీనితో పేచీ వేరు. స్పిట్‌ఫైర్ మొండెం లోహపు రేకు. హరికేన్ వెనక సగానికి చెక్క పట్టీల మీద గుడ్డ తొడుగు ఉంటుంది కాబట్టి పొడవునా సన్నని ఎత్తులు కనిపిస్తాయి. వీపు గీత మీద వాటర్ పేపరు రుద్దితే ఆ ఎత్తులూ అరిగిపోతాయి. షెడ్డు మేస్త్రీని అడిగితే పేపరును అగ్గిపుల్లకు చుట్టి పట్టీకి పట్టీకి మధ్య మాత్రమే రుద్దమన్నాడు. ఈ ఆదివారం అది మొదలుపెడతాను.