కాలభ్రంశమును చెవి పసిగట్టునా?

సంగీతము సంఖ్యలుగా మారి, ఆ సంఖ్యలు మరల సంగీతముగా మారు త్రోవలో, అవి చెడకుండ చేరుట యొక్కటే చాలదు. చేరవలసిన క్షణముననే చేరవలెను. సీడీపై సెకనుకు 44,100 పర్యాయములు, ఒక్కొక్కటి 16 బిట్ల కొలతతో, నమోదైయున్న తరంగరూపమును డాక్ అను యంత్రము తిరిగి విద్యుత్తరంగముగా మలచునపుడు, కొలతకును కొలతకును నడిమి వ్యవధి సమముగా నుండక రవంత ముందువెనుక లగుటనే జిట్టర్ అందురు. తీగలను మార్చి మార్చి వినుట అభ్యాసముగాగల మావంటి శ్రోతల నడుమ ఇంత తెగని వివాదము మరొకటి లేదు.

సోనీ, ఫిలిప్స్ సంస్థలు కూడి రూపొందించిన ఎస్‌పీడీఐఎఫ్ పద్ధతిలో సంఖ్యలును, వాని నడకను నిర్ణయించు గడియారమును ఒకే ప్రవాహముగా సాగును. పుచ్చుకొను యంత్రము ఆ ప్రవాహపు అంచులను బట్టియే కాలమును గ్రహింపవలసియుండుటచే, కోయాక్సియల్ తీగ 75 ఓముల అవరోధమునకు సరిపడక తరంగము వెనుకకు ప్రతిఫలించినను, అంచులు వాడి తప్పినను, గడియారము చలించును. 1983లో తోషిబావారు తెచ్చిన టాస్‌లింక్‌లో ప్లాస్టిక్ తంతువు గుండ కాంతి పయనించును. అందు అంచులు మరింత మందగించుటచే కొలతలలో జిట్టర్ తరచు హెచ్చుగానే కనబడును. అసింక్రనస్ యూఎస్‌బీలోనైతే డాక్ తన స్ఫటికపు గడియారమునే ప్రమాణముగా నిలుపుకొని, కావలసినన్ని సంఖ్యలను కంప్యూటరునుండి తానే అడిగి తెప్పించుకొనును; ఈ యేర్పాటే నాకు అన్నిటికంటె సమంజసముగా తోచును.

ఇంతకును జిట్టర్ చేయు చెరుపెంత? 10 కిలోహెర్ట్జ్ శుద్ధస్వరము ఒక్క నానోసెకను మేర క్రమముగా ఊగినచో, దానికి ఇరుప్రక్కల రెండు క్రొత్త స్వరములు పుట్టును. వాని స్థాయి మూలస్వరముకంటె సుమారు 90 డెసిబెల్లులు తక్కువ. అదే ఊపు 1 కిలోహెర్ట్జ్ స్వరమునందైతే 110 డెసిబెల్లులు తక్కువ. అదిగాక, పెద్దస్వరము తన చెంతనున్న చిన్నస్వరమును మరుగుపరచుట శ్రవణేంద్రియ స్వభావము. 1998లో ఎరిక్ బెంజమిన్, బెంజమిన్ గానన్ అనువారు జరిపిన పరీక్షలలో మిక్కిలి హెచ్చు శ్రుతిగల శుద్ధస్వరమున సుమారు 10 నానోసెకన్లును, సంగీతమున సుమారు 20 నానోసెకన్లును, అంతకు మించియు, ఉన్నగాని దోషము వినబడలేదు. 2005లో ప్రకటితమైన జపాను పరిశోధనలో, క్రమములేని జిట్టర్‌ను ఆరితేరిన శ్రోతలు సైతము గుర్తించుటకు కొన్ని వందల నానోసెకన్లు కావలసివచ్చెను. నేటి చక్కని డాక్‌లలో ఇది ఒక నానోసెకనుకు లోబడియే యుండును.

అట్లని చెవిని తక్కువ చేయరాదు. క్యాసెట్లపై వీణ వినియుండిన మన తరమువారికి, దీర్ఘముగా నిలిచిన స్వరము సన్నగా వణకుట సుపరిచితమే. టేపు వేగము సెకనుకు ఐదుమార్లు చొప్పున, వేయింట ఒకవంతు మాత్రము హెచ్చుతగ్గులైనను, కాలములో ఆ యెడము 30,000 నానోసెకన్లను దాటును! చెవి పట్టుకొనినది అంతటి భ్రంశమును. కావున ఒక తీగనుండి మరియొక తీగకు మారగనే తంబుర నిండుగా పలికెనని ఎవరైన చెప్పినచో, ఆ యనుభవమును నేను తృణీకరింపను గాని, ముందుగా ధ్వనిస్థాయిని డెసిబెల్లులో పదవవంతు తేడాకు లోబడునట్లు సరిచూచి, ఏ తీగ పలుకుచున్నదో శ్రోతకు తెలియనీయక, మరల మరల వినిపింపుమని కోరుదును. ఏలయన, రవంత బిగ్గరగా పలికినదే మేలైనదని మనస్సు నమ్ముట సహజము.

ఈ యనుసంధానములలో ఏ పరీక్షయు లేకయే వినవచ్చు భేద మొకటి కలదు. కంప్యూటరును, ఆంప్లిఫయరును లోహపుతీగతో కలిపినపుడు, వాని ఎర్తుల నడుమ ప్రవహించు విద్యుత్తు 50 హెర్ట్జ్ గుంజారవమై పాటక్రింద నిరంతరము మ్రోగుట కలదు. కాంతితంతువున లోహమార్గమే లేదు గనుక ఆ రొద అచ్చటనే తెగిపోవును. జిట్టర్ హెచ్చన్న నిందతో జనులు త్రోసిపుచ్చు టాస్‌లింక్‌నే, ఈ కారణముచేత, రొదతో వేసారిన మిత్రులకు నేను మొదట సూచింతును; తరువాత మిగిలిన ధనమును స్పీకర్లకు వెచ్చింపుమందును.