దుమ్ములో వెలిగే దీపాలు

1897లో చిత్రకారుడు కమీ పిస్సారో పారిస్‌లో ఒక హోటల్ గది తీసుకున్నాడు. కంటి జబ్బు వల్ల గాలికీ దుమ్ముకీ ఎదురు నిలబడి బొమ్మలు వేసే వీల్లేదు. కిటికీ దగ్గర స్టాండు పెట్టుకుని, కింద సాగే మోమార్త్ర్ వీధినే ఎండలో, పొగమంచులో, వానలో మళ్ళీ మళ్ళీ వేశాడు. ఆ వరసలో రాత్రి బొమ్మ ఒక్కటే. దానిమీద సంతకం లేదు, బతికుండగా ప్రదర్శనకూ పెట్టలేదు. నన్నడిగితే వరస మొత్తంలో అదే మేటి.

దగ్గరికెళ్ళి చూస్తే అందులో మనిషీ లేడు, బండీ లేదు. వీధి నడుమ కరెంటు దీపాలు చల్లటి తెల్ల మచ్చలు. కొట్ల అద్దాల్లో గ్యాసు వెలుగు పసుపూ నారింజా కలిసిన పూత. గుర్రబ్బండ్ల లాంతర్లు చిన్న చిన్న బొట్లు. నాలుగడుగులు వెనక్కి వేస్తే చాలు, తడిసిన రోడ్డు మెరుస్తూ లేస్తుంది, జనం కదులుతారు.

తర్వాతి చిత్రకారుల కొంప ముంచింది ఆ తడి మెరుపే. నూనె రంగుల్లో ఊరి వీధి అనగానే వాన, గొడుగులు, రోడ్డు మీద సాగిన దీపాల నీడలు. మన పత్తి ఊరు ఆదోనికి ఆ ముస్తాబు అతకదు. పత్తి సీజన్లో ఓ సాయంత్రం మార్కెట్ దారిన నిలబడి చూడండి. మూటల లారీలు కదిలితే దుమ్ము లేస్తుంది, అందులో దూదిపింజలు తేలుతుంటాయి. లారీ లైటు రోడ్డు మీద పడి మెరవదు, గాల్లోనే చిక్కుకుంటుంది. వెలుగుకి ఒళ్ళు వస్తుంది!

దాన్ని పట్టడానికి నూనె రంగుని మించింది లేదు, ఎందుకంటే అది వెంటనే ఆరదు. టర్పెంటైన్‌తో పల్చన చేసిన ఎల్లో ఓకర్ కాన్వాసంతా పట్టించి, తడి ఆరకముందే వెనక కొండల బూడిద ఊదా అందులోకి జారనివ్వాలి. 17వ శతాబ్దంలో సిద్ది మసూద్ ఖాన్ ఇక్కడ కట్టించిన జామియా మసీదు మినారు అంచుని పాతగుడ్డతో ఒక్కసారి తుడిస్తే అది దుమ్ములోకి వెళ్ళిపోతుంది. లారీ లైటు మాత్రం రంగుల కత్తితో దట్టంగా, ఒకే దెబ్బ. పెట్టాక ముట్టకూడదు. చుట్టూ పొడి కుంచె మెల్లగా తిప్పితే గాలి వెలుగుతుంది.

జనం మాటేమిటి? మోనే 1873లో వేసిన పారిస్ కపుసీన్ వీధి బొమ్మలోని మనుషుల్ని 1874లో విమర్శకుడు లూయీ లెరువా నల్ల మరకలని వెక్కిరించాడు. ఆదోనిలో మరక తెల్లనిది. పంచెకు ఒక్క గీత, తలగుడ్డకు ఒక బొట్టు. ఇంకో గీత గీశారా, మనిషి నడక ఆగిపోతుంది.

దగ్గర్లోని ఎమ్మిగనూరుకి మాత్రం ఈ పద్ధతి ఒక్కటే సరిపోదు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది. నేతకోసం వీధిలో సాచిన పడుగు దారాల్ని కూడా దుమ్ములో కరిగిస్తే దండెం మీద ఆరేసిన పాత దుప్పటిలా ఉంటుంది. పడుగు అందం బిగువులో ఉంది. గోడలు, చెట్లు, మనుషులు ఎంత చెదిరినా ఫరవాలేదు. ఆ దారాల్లో నాలుగైదింటిని మాత్రం, కింది పూత బాగా ఆరాక, సన్న కుంచెతో ఈ చివర నుంచి ఆ చివరకు ఆగకుండా లాగాలి.